ఊరి పేరు, మనిషి పేరు

కొత్త మనిషితో మాట కలిపినప్పుడు మనం మొదట అడిగేది ఊరి పేరే. "ఏ ఊరమ్మా మీది?" అంటాం. మనిషి పేరు ఆ తరువాత. ఊరు తెలిస్తే సగం మనిషి తెలిసిపోయినట్టే మనకు. ఫలానా జిల్లా వాళ్ళు మర్యాదస్తులు, ఫలానా వాళ్ళు గడుసువాళ్ళు, ఫలానా వాళ్ళు పిసినారులు. ఈ లెక్కలన్నీ మనకు ఎవరు నేర్పారో తెలియదు గానీ, అందరికీ కంఠతా వచ్చు. "మాది పల్నాడండీ" అని చెప్పి చూడండి. ఎదుటి ఆవిడ ఒక్క క్షణం ఆగుతుంది. "పల్నాడా? మాచర్లా, గురజాలా? అమ్మో!" అని నవ్వుతుంది. ఆ నవ్వులో కొంత మెచ్చుకోలు, కొంత భయం. పిల్లను ఇవ్వాలన్నా, పిల్లను తెచ్చుకోవాలన్నా ఆ "అమ్మో" ఒకసారి మధ్యలోకి వస్తుంది.

ఈ పేరు ఇవ్వాళ్టిది కాదు. పన్నెండో శతాబ్దంలో కారెంపూడి దగ్గర జరిగిన యుద్ధం కథ మన ఇళ్ళలో చంటిపిల్లలకు కూడా తెలుసు. నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం, బాలచంద్రుడు. ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్యకు కారెంపూడిలో వీరులను తలుచుకుంటూ ఉత్సవం జరుగుతుంది. పల్నాటి జొన్నకూటిని ఎగతాళి చేసే చాటువులు శ్రీనాథుడి పేరుమీద ఊరూరా తిరిగాయి. 2024 మే నెలలో ఎన్నికలప్పుడు ఇక్కడ గొడవలై 144వ సెక్షను పెట్టేసరికి పాత పేరు మళ్ళీ కొత్తగా పత్రికల కెక్కింది.

మరి అదే పల్నాటిలో చాపకూడు ఉంది. అన్ని కులాల వాళ్ళనూ ఒకే చాపమీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు అన్నం పెట్టించాడని కథ చెప్పుకుంటాం. మాల కులస్థుడైన కన్నమదాసును కొడుకులా చూసి సేనకు నాయకుణ్ణి చేశాడని చెప్పుకుంటాం. పశువులు మేపుకునే పుల్లరి పన్ను కట్టమని ఎదురు తిరిగి 1922లో మించాలపాడు దగ్గర పోలీసు తూటాలకు బలైన కన్నెగంటి హనుమంతు ఈ నేలవాడే. గుర్రం జాషువ 1895లో పుట్టింది వినుకొండలోనే. కత్తి ఉంది, చాపకూడూ ఉంది. బయటివాళ్ళ నోట నిలిచింది మాత్రం కత్తే. ఊరికి పేరు పడటమంటే ఇదే. వందలో ఒకటి మాత్రమే ఏరుకుని, ఆ ఒక్కదాన్నీ మొత్తం జనానికి అంటగట్టడం.

అయినా మనది వీరుల సీమ అన్న పేరు. అందులో కాస్త గర్వమూ ఉంది, మీసం మెలేసుకోవచ్చు. మన పాత గుంటూరు జిల్లాలోనే ఇంకో ఊరుంది. దాని పేరు చెప్పుకుని గర్వపడే వీలు ఎవరూ ఉంచలేదు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం సంగతి చెబుతున్నాను. "స్టూవర్టుపురం" అనగానే మీ మనసులో ఏ మాట మెదిలిందో నేను చెప్పనక్కరలేదు. ఆ మాట అక్కడికి ఎలా వచ్చిందో మాత్రం ఓపిగ్గా వినండి.

ఆ ఊళ్ళో స్థిరపరచినది ఎక్కువగా ఎరుకల వాళ్ళను. వీళ్ళు మనకు కొత్తవాళ్ళు కారు. మన వంటింట్లో చేట, పెరట్లో గంప, పొలంలో తట్ట, వీటిలో ఎన్నో వాళ్ళ చేతి పనే. ఆడవాళ్ళు ఊరూరా తిరిగి ఎరుక చెప్పేవాళ్ళు, పచ్చబొట్లు పొడిచేవాళ్ళు. వాళ్ళలో శాఖల పేర్లు చూడండి. వెదురు దబ్బలతో బుట్టలల్లేవాళ్ళు దబ్బ ఎరుకల. ఈతపుల్లలతో అల్లేవాళ్ళు ఈతపుల్లల ఎరుకల. సాలెవాళ్ళకు కుంచెలు కట్టి ఇచ్చేవాళ్ళు కుంచెపురి ఎరుకల. కరివేపాకు అమ్మేవాళ్ళు కరివేపాకు ఎరుకల. ఉప్పు మోసి అమ్మేవాళ్ళు ఉప్పు ఎరుకల. ప్రతి పేరులోనూ ఒక వృత్తి ఉంది. "దొంగ ఎరుకల" అని ఒక పేరు కనిపిస్తుందే, అది సర్కారు కాగితాల్లోకి ఎక్కిన పేరు.

ఉప్పు సంగతే తీసుకోండి. సముద్రపు ఒడ్డున పండిన ఉప్పు లోపలి మెట్ట తాలూకాలకు ఎలా చేరేది? గాడిదల మీద, ఎద్దుల మీద పెరికెలు వేసుకుని ఎరుకలవాళ్ళు, సుగాలీలు మోసుకొచ్చేవాళ్ళు. ఉప్పు ఇచ్చి ధాన్యం తీసుకుని మళ్ళీ కోస్తాకు దిగేవాళ్ళు. రోడ్లు లేని రోజుల్లో, వర్షం మీద ఆధారపడ్డ ఊళ్ళకు వీళ్ళ రాక పండగ. నాగార్జునసాగర్ కాలవల్లోకి నీళ్ళు వదిలింది 1967లో. అంతకు ముందు పల్నాడు ఎలా ఉండేదో పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు. అలాంటి సీమలో ఉప్పు మోసుకొచ్చే మనిషి దొంగ కాడు, కావలసినవాడు.

ఆ బతుకు ఎలా చెడింది? ఒక్క దెబ్బతో కాదు, వరసగా పడ్డాయి. ఉప్పు మీద ఇంగ్లీషు సర్కారు గుత్తాధికారం పెట్టింది, పన్ను పెంచింది. చిన్న వర్తకుడికి ఉప్పు అందకుండా పోయింది. 1876 నుంచి 1878 దాకా నడిచిన పెద్ద కరువులో ధాన్యమూ లేదు, పశువులూ లేవు. 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చి, వెదురు కొట్టుకోవడం, పశువులను మేపుకోవడం నేరాల కిందికి చేరాయి. 1890లలో కోస్తా వెంట రైలు పట్టాలు పడ్డాయి. పది వందల గాడిదలు మోసే సరుకును ఒక్క రైలు ఒక్క రోజులో మోసుకుపోయింది. చేతిలో పని పోయింది. ఊరూరా తిరిగే అలవాటు మాత్రం ఉండిపోయింది. పని లేకుండా తిరిగే మనిషిని చూసి సర్కారు ఏమంటుంది? "అనుమానితుడు" అంటుంది.

కొందరు దొంగతనాలు చేయలేదని నేను అనడం లేదు. ఆకలి ఉన్నచోట దొంగతనం ఉంటుంది, ఏ కులంలోనైనా, ఏ దేశంలోనైనా. కానీ సర్కారు అన్నది అది కాదు. ఫలానా మనిషి దొంగతనం చేశాడని కాదు, ఫలానా కులంలో పుట్టినవాళ్ళంతా పుట్టుకతోనే దొంగలు అంది. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చినప్పుడు చేసిన వాదన ఏమిటో తెలుసా? ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, సాలె కొడుకు సాలె అవుతాడు, కాబట్టి దొంగ కొడుకు దొంగే అవుతాడు అని. వినడానికి ఎంత తేలిగ్గా ఉందో చూడండి. మన కులవృత్తుల పద్ధతినే తీసుకుని మన మెడకే చుట్టారు. అప్పుడు యూరపులో కూడా ఇలాంటి గాలే వీస్తోంది. 1876లో ఇటలీలో లొంబ్రోజో అనే వైద్యుడు నేరస్థుణ్ణి పుర్రె చూసి, దవడ చూసి గుర్తుపట్టవచ్చని పుస్తకం రాశాడు. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ జనం ముక్కులు, తలలు కొలిచి కులాల మీద సంపుటాలు వేశాడు. ములాలీ అనే పోలీసు అధికారి 1892లోనే మద్రాసు రాజధానిలోని నేరస్థ వర్గాల మీద ఒక పుస్తకం అచ్చు వేశాడు. పోలీసు ఠాణాలోని అనుమానం ఇలా పుస్తకమెక్కి శాస్త్రమైపోయింది.

1911లో ఆ చట్టం మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. అంటే మన ఊళ్ళకు వచ్చింది. ఒక గుంపును నేరస్థ జాతి అని ప్రకటిస్తే, ఆ పేరున్నవాళ్ళను రిజిస్టరులో ఎక్కించవచ్చు. వేలిముద్రలు తీసుకోవచ్చు. చెప్పిన వేళకు వచ్చి హాజరు వేయించుకోమనవచ్చు. చోటు మారితే ముందుగా చెప్పాలి, కనిపించకపోతే అదే నేరం. ప్రకటించడం తప్పని కోర్టులో అడిగే దారి కూడా లేదు. సెటిల్‌మెంటులో ఉన్న ఆడమనిషి సంతకు పోవాలన్నా, బంధువుల ఇంటికి పోవాలన్నా అనుమతి చీటీ కావాలి. ఆలోచించండి అమ్మా, పుట్టింటికి వెళ్ళడానికి ఠాణా చీటీ! "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు" అని మనం సామెత చెబుతాం. ఈ జనం కాయ తాకినా తాకకపోయినా, రోజూ భుజాలు తడిమి చూపించవలసి వచ్చింది.

ఇక సెటిల్‌మెంట్ల సంగతి. ఈ జనాన్ని ఒకచోట చేర్చి, పని నేర్పి, మంచివాళ్ళను చేస్తామని సర్కారు మిషనరీలకు అప్పగించింది. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపింది. కృష్ణ ఒడ్డున సీతానగరంలో, బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ నడిపింది. స్టూవర్టుపురం 1913లో వెలసింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన సర్ హెరాల్డ్ స్టూవర్టు పేరే దానికి పెట్టారు. పేరు దొరవారిది, అపకీర్తి ఎరుకలవాళ్ళది! సాల్వేషన్ ఆర్మీ నాయకుడు బూత్ టక్కర్ ఈ పని మీద ఒక పుస్తకమే రాశాడు. నేరాన్ని ఒక రోగంలా, తమ సంస్థను ఆ రోగానికి వైద్యంలా చూపించాడు.

అక్కడ బడి పెట్టారు, మందులిచ్చారు, కొందరికి పొలం ఇచ్చారు. ఆ మేలు మేలే, కాదనను. కానీ పిల్లలు తల్లిదండ్రుల దగ్గర ఉంటే చెడిపోతారని వేరుగా హాస్టళ్ళలో ఉంచే పద్ధతి కూడా నడిచింది. కన్నతల్లి దగ్గర ఉండటమే బిడ్డకు ప్రమాదమని ఒక సర్కారు అనుకుందంటే, ఆ తల్లిని ఏమనుకుందో మీరే చెప్పండి. చీరాలలో పొగాకు కంపెనీ వచ్చాక స్టూవర్టుపురం జనం అక్కడ కూలికి పోయారు. కదలడానికి వీల్లేని జనం కన్నా కంపెనీకి కావలసినది ఏముంటుంది? చెప్పిన వేళకు వస్తారు, మానేసి పోలేరు. ఎరుకల సెటిల్‌మెంట్ల చరిత్ర మీద మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన పరిశోధన గ్రంథం ఈ బంధాన్నే విప్పి చూపించింది.

ఇంకో చిక్కు చూడండి. ఎక్కడెక్కడి అనుమానితులనో తెచ్చి ఒక ఊళ్ళో ఉంచారు. తరువాత ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు మొదట ఆ ఊరికే వస్తారు, ఎందుకంటే పేర్లూ వేలిముద్రలూ అక్కడివే చేతిలో ఉన్నాయి. వెతికినచోటే దొరుకుతారు కదా! దొరికినవాళ్ళు అక్కడివాళ్ళు కాబట్టి ఊరు చెడ్డదని రుజువైంది. ఊరు చెడ్డది కాబట్టి మళ్ళీ అక్కడే వెతకాలి. కట్టిన గేదె కానుగు చుట్టూ తిరిగినట్టు ఇది తిరుగుతూనే ఉంటుంది. వెతకనిచోట దొంగలు లేరని కాదు, అక్కడ లెక్క రాసేవాళ్ళు లేరు, అంతే.

దీన్ని జనం ఊరికే భరించారనుకోకండి. 1920 ఏప్రిల్ 3న మదురై జిల్లా పెరుంగామనల్లూరులో పిరమలై కళ్ళర్లు రిజిస్టరులో పేరెక్కించుకోమని ఎదురు తిరిగితే పోలీసులు కాల్చారు. పదహారు మంది దాకా పోయారు, అందులో ఒక స్త్రీ కూడా ఉంది. చివరికి మద్రాసులో 1947లో ఈ చట్టాన్ని ఎత్తివేశారు. దేశమంతటికీ కలిపి పరిశీలించడానికి 1949లో ఒక సంఘాన్ని వేస్తే, దానికి అధ్యక్షుడు మన తిరుపతి ప్రాంతం వారైన అనంతశయనం అయ్యంగారు. ఆయన సంఘం చట్టం పోవాలని చెప్పింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా అది రద్దయింది. అందుకే ఆ జాతుల వాళ్ళు ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకుంటారు. మనకు స్వరాజ్యం 1947లో వచ్చింది, వాళ్ళకు మరో అయిదేళ్ళు పట్టింది.

చట్టం పోయింది, అలవాటు పోలేదు. నేరం అలవాటైనవాళ్ళ చట్టం అని ఇంకొకటి రాష్ట్రాల్లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో చేశారు. అది కులాన్ని పేర్కొనదు, మనిషినే చూస్తానంటుంది. కానీ పాత రిజిస్టరు చూసిన కళ్ళే కొత్త రిజిస్టరునూ చూశాయి. జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచడం, విముక్త జాతుల వాళ్ళను వేరుగా చూడటం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న తీర్పు చెప్పవలసి వచ్చిందంటే, చట్టం రద్దయిన డెబ్బై రెండేళ్ళకు కూడా దాని నీడ ఎంత పొడుగ్గా ఉందో అర్థమవుతుంది.

ఇక్కడ మన పల్నాటి ఆడపడుచు ఒకామెను తలుచుకోవాలి. జాషువగారి కుమార్తె హేమలత. 1932లో వినుకొండలో పుట్టారు, గోరాగారి కుమారుడు లవణంగారిని పెళ్ళాడారు. తండ్రి కులం పేరున పడిన అవమానాలు చూసి పెరిగిన మనిషి. 1970లలో ఈ దంపతులు స్టూవర్టుపురం వెళ్ళి అక్కడి కుటుంబాలతో కలిసి పనిచేశారు. నేరాలు మానినవాళ్ళకు బతుకుతెరువు, పిల్లలకు చదువు, ఆడవాళ్ళకు ధైర్యం, ఇదీ వాళ్ళ దారి. ఆమె ముక్కులు కొలవలేదు, ఇళ్ళల్లోకి వెళ్ళి కూర్చున్నారు. 2008లో హేమలతగారు కన్నుమూశారు. వీరవనితలంటే నాగమ్మ, మాంచాల పేర్లే చెప్పుకుంటాం. ఈమె పేరు కూడా అదే వరసలో చెప్పుకోదగ్గది.

ఒకవైపు ఇలా ఊరు తన పేరు కడుక్కోవాలని చూస్తుంటే, మరోవైపు మనం టిక్కెట్టు కొని పాత పేరునే మళ్ళీ చూసి వచ్చాం. 1991 ఒక్క ఏడాదిలోనే స్టూవర్టుపురం పేరు పెట్టుకుని రెండు తెలుగు సినిమాలు వచ్చాయి. 2023లో ఆ ఊరి దొంగ కథ అంటూ ఇంకొకటి వచ్చింది. దాని టీజరులో ఊరిని నేరాలకు రాజధాని అన్నందుకు వ్యవహారం రాష్ట్ర హైకోర్టు దాకా వెళ్ళింది. సినిమావాళ్ళకు మూడు గంటల వినోదం. ఆ ఊరి పిల్ల మాత్రం కాలేజీలో చేరేటప్పుడు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు ఊరి పేరు రాయవలసిన గడి దగ్గర ఆగుతుంది.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. అమెరికాలో 1930లలో ఇళ్ళ అప్పుల కోసం నగరాల పటాలు గీసి, నల్లవాళ్ళుండే పేటలకు ఎర్రరంగు పూశారు. ఎర్రరంగు పడిన పేటలో ఇంటికి అప్పు పుట్టదు. అప్పు లేక ఇల్లు బాగుపడదు, ఇల్లు బాగులేదు కాబట్టి పేట చెడ్డదన్నారు. ఇళ్ళ విషయంలో జాతి వివక్ష చూపరాదని 1968లో చట్టం చేశాక కూడా ఆ గీతలు నగరాల మీద నుంచి తేలిగ్గా చెరగలేదు. అక్కడ రంగు సిరా, ఇక్కడ ఠాణా సిరా. పని ఒక్కటే.

ఇంతకీ ఇందులో మన పాత్ర ఏమిటంటారా? చట్టాలు మనం చేయలేదు నిజమే. కానీ చట్టం పోయాక కూడా పేరును బతికించింది ఎవరు? అన్నం తినని పిల్లవాడికి "ఎరుకలవాడు వచ్చి బుట్టలో వేసుకుపోతాడు" అని చెప్పింది ఎవరు? నరసరావుపేటలోనైనా, మాచర్లలోనైనా, ఇంట్లో గొలుసు కనపడకపోతే ముందు బీరువా కింద వెతుకుతామా, పనిమనిషి ఏ తండా నుంచి, ఏ కాలనీ నుంచి వస్తోందో తలుచుకుంటామా? దొంగతనం జరిగిన ఇంటి దుఃఖం నాకు తెలియనిది కాదు. చెమటోడ్చి చేయించుకున్న కాసు బంగారం పోతే కడుపు మండుతుంది. ఫిర్యాదు చేయండి, తప్పు లేదు. ఏం పోయిందో, ఎప్పుడు పోయిందో, ఎవరిని చూశారో చెప్పండి. చూడని మనిషి కులం చెప్పకండి. మీ నోటి నుంచి వచ్చిన ఆ ఒక్క మాటతో ఒక కుటుంబం రాత్రంతా ఠాణాలో కూర్చోవలసి రావచ్చు. గొలుసు మంచం కోడు దగ్గర దొరికితే మీరు నవ్వుకుని మరిచిపోతారు. వాళ్ళు మరిచిపోలేరు.

"పల్నాడా? అమ్మో!" అన్నప్పుడు మన ఆడపిల్ల మొహం ఎలా చిన్నబోతుందో మనకు తెలుసు. మా ఊళ్ళో అందరూ కత్తులు పట్టుకు తిరగరమ్మా అని చెప్పీ చెప్పీ విసిగినవాళ్ళం. మనకు అక్కరలేని ఆ తూకం ఇంకొకరి మీద వాడటం న్యాయం కాదు. బుట్టలమ్ముకునే ఆవిడ వీధిలోకి వస్తే బేరానికి ముందు ఆమె పేరు అడగండి. పిల్లల బడిలో తండా పిల్ల, కాలనీ పిల్ల వెనక బల్లమీద ఒంటరిగా కూర్చుంటే పంతులమ్మగారితో ఒక మాట చెప్పండి. ఇల్లు అద్దెకు అడిగేవాళ్ళ ఊరు విని తలుపు వేసేయకండి. చాపకూడు మా సీమదే అని చెప్పుకోవడం తేలిక. ఆ చాప మీద పక్కవాళ్ళకు చోటిచ్చినప్పుడే ఆ మాట మనది అవుతుంది.